సేంద్రియ పచ్చి పాలు అమ్మాలంటే కొట్టంలో ఏం మార్చాలి?

రాజాం_పాడి:
మా కొట్టంలో ఐదు ముర్రా గేదెలు, రెండు జెర్సీ సంకర ఆవులు ఉన్నాయి. మేత వరిగడ్డి, సూపర్ నేపియర్ అనే పచ్చిమేత గడ్డి. దాణాకి నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క. నేపియర్‌కి యూరియా చల్లుతాం. ఇప్పుడు పాలు పాల సేకరణ కేంద్రానికి పోస్తున్నాం. విజయనగరంలో కొన్ని ఇళ్లవాళ్లు "సేంద్రియ పచ్చి పాలు" అయితే ధర ఎక్కువ ఇస్తామంటున్నారు. మామూలు పెంపకానికీ దానికీ పని ఎక్కడ మారుతుంది? పచ్చిగా పొయ్యొచ్చా?

గడ్డివాము:
ఆ పేరులో రెండు వేరు సంగతులు కలిసిపోయాయండీ. సేంద్రియం అంటే మేత, మందుల లెక్క. పచ్చి అంటే కాచలేదని, అంతే. యూరియా మేత తిన్న గేదెవీ పచ్చి పాలే, సేంద్రియ పాలు పాశ్చరైజ్ చేసి, అంటే క్రిములు చచ్చేలా వేడిచేసి, కూడా అమ్ముతారు.

మేత సంగతి ముందు చూడండి. నేపియర్ మడికి యూరియా, కలుపుమందు ఆపాక ఆ మడి మేతని సేంద్రియమని లెక్కించడానికి కనీసం రెండేళ్లు మార్పిడి కాలం గడవాలి. నూనె తీసిన తవుడు పనికిరాదు. దాంట్లోంచి నూనెని హెక్సేన్ అనే ద్రావణితో లాగుతారు, సేంద్రియ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. మిల్లు తవుడు, గానుగ చెక్క వాడొచ్చు గానీ ఆ వడ్లూ ఆ వేరుశనగా కూడా సేంద్రియంగా పండినవై ఉండాలి. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు కప్పిపెట్టే పద్ధతి మామూలు పెంపకంలో మంచిదే. మాంసకృత్తులు పెరుగుతాయి, గడ్డి మెత్తబడుతుంది. సేంద్రియంలో అది కుదరదు. ఆ మాంసకృత్తుల లోటుకి వరి కోశాక పిల్లిపెసర, జనుము లాంటి పప్పుజాతి మేత విత్తనాలు చల్లుకోండి.

జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టిన ద్రవం) వేసే రైతుల గడ్డి మన వైపు బాగానే దొరుకుతుంది. ప్రకృతి సేద్యం గడ్డి అయినంత మాత్రాన ధ్రువీకరణ ఉన్నట్టు కాదు. సేంద్రియ ఆహారం మీద వేసే జైవిక్ భారత్ గుర్తు వేయాలంటే ఎన్‌పీవోపీ (బయటి సంస్థ తనిఖీ చేసేది) గానీ పీజీఎస్-ఇండియా (రైతు గుంపులే ఒకరినొకరు తనిఖీ చేసుకునేది) గానీ ధ్రువీకరణ కావాలి.

కొట్టం_డాక్టరు:
మందుల విషయం చేరుస్తాను. సేంద్రియం అంటే జబ్బు పశువుకి యాంటీబయాటిక్ వేయకుండా వదిలెయ్యడం కాదు. పొదుగువాపు వస్తే వేయాల్సిందే. సీసా మీద పాలు ఆపాల్సిన గడువు లేకపోతే మన చట్టం ప్రకారం కనీసం 7 రోజులు పాలు అమ్మకూడదు. సేంద్రియంలో ఆ గడువుకి రెట్టింపు. చేపడానికి, అంటే పాలు పొదుగులోకి దిగడానికి, ఆక్సిటోసిన్ సూది ఏ పద్ధతిలోనూ వద్దు. దూడని వదిలి, పొదుగు నిమరండి, అదే చేపుతుంది.

ఇక పచ్చి పాలు. బ్రూసెల్లా (పశువులు ఈసుకుపోయేలా చేసి, మనుషులకీ సోకే క్రిమి), క్షయ క్రిములు పైకి ఆరోగ్యంగా కనిపించే పశువు పాలల్లోనూ రావచ్చు. ఈసుకుపోయిన (గర్భస్రావమైన) గేదె ఉంటే ఆ మందంతటికీ రక్తపరీక్ష చేయించకుండా ఎవరికీ పచ్చిగా పొయ్యొద్దు. పెయ్య దూడలకి 4 నుంచి 8 నెలల మధ్య బ్రూసెల్లా టీకా వేయించండి. క్రిములు చావాలంటే 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు, లేదా 72 దగ్గర 15 సెకన్లు. ఇంట్లో పొంగు వచ్చేదాకా కాచినా సరిపోతుంది. కాబట్టి పచ్చిగా పోసినా "కాచి తాగండి" అని ప్రతి ఇంటికీ చెప్పండి. ఇందులో మొహమాటం వద్దు, పసిపిల్లలూ కడుపుతో ఉన్నవాళ్లూ ఆ పాలు తాగుతారు.

కాచినా పోనిది ఇంకొకటుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న తింటే పాలల్లోకి అఫ్లాటాక్సిన్ ఎం1 అనే బూజు విషం వస్తుంది. కిలో పాలకి 0.5 మైక్రోగ్రామ్ దాటకూడదు. సేంద్రియ చెక్కకీ బూజు పడుతుంది! వానాకాలంలో బస్తాలు నేలమీద కాకుండా చెక్క బల్లమీద, గోడకి జానెడు ఎడంగా పెట్టండి.

రాజాం_పాడి:
థాంక్సండీ. రెండేళ్లయ్యేదాకా సేంద్రియమని చెప్పను. ఈలోపు మామూలు పాలే శుభ్రంగా ఇద్దామనుకుంటున్నాను. పితకడం, చల్లబరచడం చెప్పగలరా? బల్క్ కూలర్ (పాలు చల్లబరిచే పెద్ద తొట్టి యంత్రం) లేదు.

కొట్టం_డాక్టరు:
పొదుగు కడిగాక తడి లేకుండా తుడవండి, ఒక్కో పశువుకి ఒక్కో గుడ్డ. తడి చేత్తో పితికితే మురికి నీళ్లు చన్ను వెంట బిందెలోకి కారతాయి. మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి తీసి చూడండి. తెల్లటి తునకలు కనిపిస్తే ఆ పశువుని చివర పితికి పాలు వేరుగా పెట్టండి. బొటనవేలు మడిచి లాగొద్దు, గుప్పిటితో పితకండి. చేపాక ఏడు నిమిషాల్లో ముగించండి. పితికాక చన్నులు పోవిడోన్ అయోడిన్‌లో ముంచాలి. 5 శాతం ద్రావణంలో అసలు అయోడిన్ 0.5 శాతమే, నీళ్లు కలపొద్దు. తర్వాత గడ్డి వేసి అరగంట పడుకోనివ్వకండి, చన్ను రంధ్రం అప్పటిదాకా తెరుచుకునే ఉంటుంది.

గడ్డివాము:
క్యానుని ఐసు నీళ్ల తొట్టిలో దించండి. తొట్టిలో నీటి మట్టం క్యానులో పాల మట్టం కంటే పైన ఉండాలి. మధ్యమధ్య కలపకపోతే నడుమ పాలు వెచ్చగానే ఉంటాయి. చల్లబరిచిన సాయంత్రం పాలల్లో పొద్దుటి వెచ్చటి పాలు పొయ్యొద్దు. విరగకుండా వంటసోడా వేయమని ఎవరైనా చెబితే వినకండి, అది కల్తీ.

క్యాను కడిగేటప్పుడు ముందు గోరువెచ్చని నీళ్లే. ఒకేసారి మరిగే నీళ్లు పోస్తే పాల మాంసకృత్తులు గోడకి అతుక్కుపోతాయి. తర్వాత వేడి నీళ్లలో చాకలి సోడాతో కడిగి, మంచి నీళ్లతో తొలిపి, ఎండలో బోర్లించండి. మూత రబ్బరు ఊడదీసి వేరేగా కడగండి. ఎంత శుభ్రం చేసినా పాలు పులుస్తున్నాయంటే నేనైతే ముందు ఆ రబ్బరు సందే చూస్తాను.