శాలిబండ రోడ్డు వెడల్పు: పాత ఇళ్లు పోతే పోనీ అనుకోవాలా?

అలియాబాద్ వాసి:
హైదరాబాద్ పాతబస్తీలో ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తూ మా వైపు ఇళ్లు కూలగొడుతున్నారు. పరిహారం గజానికి 81,000 రూపాయలు అంటున్నారు. వారసత్వం పోతోందని బాధపడేవాళ్లలో ఈ గల్లీల్లో ఉండేది ఎందరు? మా నాన్నకు గుండెనొప్పి వచ్చిన రాత్రి అంబులెన్స్ గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్లాం. నాకు రోడ్డే కావాలి.

హరిబౌలి బిడ్డ:
అన్నా, నాన్నగారికి ఇప్పుడు నయమైందా? మెట్రో వద్దని నేనూ అనను. నా కోపం రోడ్డు మీద కాదు, ఇళ్లను కోసే తీరు మీద.

మన దగ్గర రోడ్లు వెడల్పు చేయడం కొత్తేం కాదు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. వాళ్లూ ఇరుకు బస్తీలు తీసేశారు. కానీ చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి బజారు చూడు. రోడ్డుకు రెండు పక్కలా ఒకే వరసలో రాతి కమానులు, కింద దుకాణాలు, ఎండలో నీడన నడిచే దారి. కూల్చినవాళ్లే కట్టారు. దాన్నే ఇవాళ మనం వారసత్వం అంటున్నాం.

మరి ఇప్పుడు? ఇదివరకు ఒకసారి రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా పెదనాన్న వాళ్ల భవంతి ఇంట్లో ముందు గది పోయింది. టేకు దూలాలను సగానికి కోసి వదిలేశారు. లోపలి గోడకు దీపం పెట్టే గూడు, దాని పైన మూడు తరాల నూనె మసి, రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లందరికీ కనిపించేది. పెద్దమ్మ దానికి పాత చీర అడ్డం కట్టింది. తర్వాత మేస్త్రీ వచ్చి ఆ డంగు సున్నం గోడకు సిమెంటు పూశాడు. సున్నం గోడలో తడి బయటికి పోవాలి. సిమెంటు పూస్తే లోపలే నిలుస్తుంది. రెండు వానాకాలాలకే గోడ ఉబ్బి పెచ్చులు ఊడింది. పాత ఇల్లు కదా, పడిపోతుంది అన్నారు అందరూ. పాతదై కాదన్నా, తప్పు మందు వేసి పాడుచేశాం.

అలియాబాద్ వాసి:
అది నిజమే తమ్మీ. కానీ సున్నం పని తెలిసిన మేస్త్రీని తేవాలంటే పైసలెవరివి? మా ఇంటికి ఐదుగురు వారసులు. కిటికీ మార్చాలన్నా అందరూ ఒప్పుకోవాలి.

హరిబౌలి బిడ్డ:
అందుకే ఇంటివాడి మీద వేయొద్దంటున్నా. ముందు భాగం కోసినవాళ్లే మిగిలిన గోడను సున్నంతో మూసి ఇవ్వాలి. పరిహారంతో పాటే ఆ పని జరగాలి. కోయకముందే ప్రతి ఇంటి కొలతలు, ఫోటోలు తీయాలి. రోడ్డు రాని లోపలి గల్లీల్లో మరమ్మతుకు సాయం చేయాలి. ఇంతకంటే ఎక్కువ అడగడం లేదు.

బోనాలకు మా హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద నయాపూల్‌కు బయలుదేరుతుంది. మా అమ్మ ఇప్పటికీ పైగది చెక్క కిటికీలోంచే చూసి దండం పెడుతుంది. ఆ కిటికీకి మొన్న ఎర్ర గుర్తు వేసి పోయారు.

ఆదివారం టేపు పట్టుకుని మీ గల్లీకి వస్తా అన్నా. మీ ఇంటితోనే మొదలుపెడదాం.