అలైపాయుదే మంచి డీవీడీ ఏదైనా ఉందా? నా దగ్గరున్నది చూడలేకపోతున్నాను

అందరికీ నమస్తే. మణిరత్నం ‘అలైపాయుదే’ (2000లో వచ్చింది, మన ‘సఖి’ ఒరిజినల్) తమిళంలోనే చూడాలని ఎప్పట్నుంచో ఆశ, పోయిన నెల పాత డిస్కులమ్మే ఒకాయన దగ్గర డీవీడీ దొరికితే బేరం కూడా ఆడకుండా కొనేశాను. ఇంటికొచ్చి పెడితే బొమ్మకి నాలుగు వైపులా నల్ల పట్టీలు! మధ్యలో పోస్టుకార్డంత సినిమా. టీవీలో జూమ్ నొక్కితే పక్క పట్టీలు పోతున్నాయి కానీ మొహాలన్నీ అలుక్కుపోయి, కింద ఇంగ్లీష్ సబ్‌టైటిల్ రెండో లైను తెగిపోతోంది. పీసీ శ్రీరామ్ ఫోటోగ్రఫీని ఇలా చూడాలంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఇంకోటి, పాటలు కొంచెం వేగంగా, గొంతులు కాస్త సన్నగా వినిపిస్తున్నాయి. కంప్యూటర్‌లో చూస్తే బొమ్మ సైజు 720×576 అని ఉంది, అంటే పాల్ (PAL, సెకనుకి 25 ఫ్రేములు చూపించే టీవీ పద్ధతి) డిస్క్. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25కి తోలితే నాలుగు శాతం వేగం పెరుగుతుందని తెలుసు, కారణం అదేనా లేక నా చెవుల భ్రమా? ‘స్నేహితుడా’ క్యాసెట్ అరిగేదాకా విన్నవాణ్ణి మరి, తేడా ఇట్టే తెలిసిపోతుంది.

వైడ్ టీవీ వెడల్పుకి నిండుగా వచ్చే, అంటే అనామార్ఫిక్ డిస్క్ ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే అట్ట వెనక ఏం రాసుందో కాస్త చెప్పండి. పాటలకి కూడా సబ్‌టైటిల్స్ ఉంటే ఇంకా సంతోషం, నా దాంట్లో పాట రాగానే మాయమైపోతున్నాయి.