ఈ వారం సమస్య (ఇచ్చిన ఈ నాలుగో పాదానికి ముందు మూడు పాదాలూ చెప్పి పద్యం పూరించాలి): మాటలాడని వాడె పో మాటకారి

నిర్వాహకుడు: మొన్న మా మనవడు "ఆత్మ అంటే ఏంటి తాతయ్యా" అనడిగాడు. నలభై ఏళ్ళుగా గీతా పారాయణం చేస్తున్నవాణ్ణి, నోరు పెగల్లేదు. వాడు కాసేపు నా మొహం చూసి "సరేలే" అని వెళ్ళిపోయాడు. ఆ పూట పుట్టిన పాదం ఇది. కానివ్వండి.

కొవ్వూరు మేస్టారు: బోణీ నాదే.

మఱ్ఱి నీడను గూర్చున్న మౌని చుట్టు
ముసలి శిష్యులు నలువురు మూగినారు
శంకలన్నియు దీరెను, చప్పుడేది?
మాటలాడని వాడె పో మాటకారి

పెన్నాతీరం: మేస్టారూ, ఇది పూరణా, "చిత్రం వటతరోర్మూలే" అన్న దక్షిణామూర్తి శ్లోకానికి తెనుగుసేతా? సేత అయినా సగమే. శిష్యులు ముసలివాళ్ళు, గురువు పడుచువాడు, అదీ ఆ శ్లోకంలో చిత్రం. తమరు ముసలితనం తెచ్చుకుని పడుచుదనం వదిలేశారు. పైగా "దీరెను" ద్రుతాంతం, చివర "ను" ఉంది. దాని తరవాత చకారం జకారమై, చప్పుడు జప్పుడు కావద్దూ?

కొవ్వూరు మేస్టారు: యతికి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తుకి, శకారానికి చ, జ రెండిటితోనూ మైత్రి ఉంది గనక చెవికి నచ్చింది వేశాను. పోయిన శివరాత్రికి కందంలో మూడు పాదాలు "త్త" ప్రాస నడిపి నాలుగోదాంట్లో ఒట్టి "త" వేసి, కీబోర్డు మింగేసిందన్నవారు నాకు ఈ సరళాదేశం, చ జ కావడం, చెప్పడం బాగానే ఉంది.

పెన్నాతీరం: అది నిజంగానే కీబోర్డండీ. ఇదిగో నా పూరణ, దీన్ని ఏ కీబోర్డూ మింగలేదు.

అడిగె బాష్కలి బాధ్వుని నాత్మ నెఱుగ
పలుకడాయె‌ను ముమ్మారు పట్టి యడుగ
చెప్పుచుంటిని, నీకది చేరదాయె
మాటలాడని వాడె పో మాటకారి

శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో (3.2.17) ఉదహరించిన శ్రుతి. "ఉపశాంతోఽయమాత్మా", ఈ ఆత్మ ఉపశాంతం, అని.

కొవ్వూరు మేస్టారు: కొన్ని ప్రతుల్లో బాహ్వుడు. అది పక్కన పెడదాం. మూడో పాదం ఎవరి మాట? "అనెను" ఏదీ?

పెన్నాతీరం: మౌని గదా, "అనెను" అనడం బాగుండదని...

కొవ్వూరు మేస్టారు: హాస్యానికేం గాని, అసలు చిక్కు అక్కడే ఉంది. మీ బాధ్వుడు చివరికి నోరు విప్పాడు కదయ్యా! "చెబుతూనే ఉన్నాను, నీకే తెలియడం లేదు" అన్నాక అతను మాటలాడనివాడెలా అవుతాడు? ఆ ఒక్క వాక్యం అనకపోతే, బాష్కలి తనకు జవాబు అందిందని తెలియక, గురువుగారికి చెవుడనుకుని ఇంటికి పోయేవాడు. మౌనం మౌనమని తెలియడానిక్కూడా ఒక మాట ఖర్చు పెట్టాలి. "నేతి నేతి", ఇది కాదు, ఇది కాదు, అన్న యాజ్ఞవల్క్యుడు నోటితోనే అన్నాడు. "యతో వాచో నివర్తంతే", మాటలు ఎక్కణ్ణించి వెనక్కి తిరిగొస్తాయో, అంది తైత్తిరీయం. తిరిగి రావాలంటే మాట ముందు అంతదూరం వెళ్ళాలి కదా.

పెన్నాతీరం: ఇంత బాగా చెప్పగలిగినవారు పద్యంలో "చప్పుడేది" దగ్గర ఆగిపోయారేం?

చింతచిగురు: మధ్యలో నాదొకటి, సరదాకి.

మైకు పట్టుక మౌనంపు మహిమ జెప్పె
గంట రెండాయె, జనులెల్ల గదలిపోవ
వెనుక బెంచీన నిదురించు వృద్ధుడొకడు,
మాటలాడని వాడె పో మాటకారి

ప్లానో పంతులు: హహ. మా గుడిలో ప్రతి ఆదివారం ఇదే. కాని "వె"కి "వృ" యతి ఎలా కుదిరింది?

నిర్వాహకుడు: ఋకారానికి ఇ, ఈ, ఎ, ఏలతో మైత్రి ఉంది పంతులుగారూ. ఈ ప్రశ్న మీరు ఏటా అడుగుతున్నారు.

ప్లానో పంతులు: ఓహో. అయితే నాది కూడా చూడండి.

పదుగురేరును దాటిరి; పదవవాడు
లేడటంచును నేడ్చిరి లెక్కపెట్టి
వేలు చూపిన పాంథుడు పెదవి విప్పడు
మాటలాడని వాడె పో మాటకారి

పెన్నాతీరం: మూడో పాదం చివర మూడు మాత్రల సూర్యగణం ఉండాల్సినచోట నాలుగు మాత్రల భగణం కూర్చుంది. "పెదవి మూసె" అంటే సరి.

కొవ్వూరు మేస్టారు: గణం సరిపోయింది, కథ సరిపోలేదు. బాటసారి పెదవి మూస్తే పని జరగదు. వేలు చూపిస్తే తొమ్మండుగురూ వేలు చూస్తారు, పదోవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. "దశమస్త్వమసి", లెక్కలో నిన్ను నువ్వు మరిచావు, ఆ పదోవాడివి నువ్వేనని నోటితో చెప్పాలి. అద్వైతంలో ఒక శాఖ, వివరణకారులు, ఈ కథ పట్టుకునే వాక్యం వల్లనే నేరుగా జ్ఞానం పుడుతుందన్నారు. రెండో శాఖ, భామతివారు, దానికి ఒప్పుకోక సంస్కరించిన మనసు కావాలన్నారు. పంతులుగారు ఇద్దరినీ కాదని వేలితో సరిపెట్టారు.

ప్లానో పంతులు: యతి కోసం వేశానండీ, మతం కోసం కాదు.

చింతచిగురు: ఇది మాత్రం సరదాకి కాదు. కేనోపనిషత్తు చదువుతుంటే వచ్చింది.

నాల్క గదలును, గదలించు నాథుడొకడు
పలుకు వెలువడు, దా వెలుపలికి రాడు
ఎవని దలచదు మనసు, తానెఱుగు మనసు
మాటలాడని వాడె పో మాటకారి

నిర్వాహకుడు: అబ్బ! మూడో పాదం.

పెన్నాతీరం: "వెలుపలికి" విరిచి పకారం మీద యతి పడింది చూశారా? నేను లేచి నిలబడ్డాను. కొందరు ముప్పై ఏళ్ళు పద్యాలు చెప్పినా ఇలాంటిది రాదు.

కొవ్వూరు మేస్టారు: ఆ "కొందరు" ఎవరో అడగను. అమ్మా చిగురూ, మూడో పాదానికి నా నమస్కారం. మొదటి పాదం మాత్రం ఒప్పుకోను. "నాథుడొకడు" అన్నావు. ఒకడంటే ఇంకొకడూ ఉన్నట్టే. నాథుడంటే నాలుక ఒకచోట, దాని యజమాని ఒకచోట. నాలుక వెనకాల కుర్చీ వేసి ఒకణ్ణి కూర్చోబెట్టావు. కేనంలో ఆ పని చెయ్యలేదు. వాక్కుతో చెప్పబడనిది, వాక్కు దేనివల్ల పలుకుతోందో అది, అని ఊరుకుంది.

పెన్నాతీరం: సమస్యలోనే "వాడు" ఉంది కదండీ, పిల్లనంటారేం?

కొవ్వూరు మేస్టారు: సమస్య ఇచ్చినాయన పాపం ఆయనది.

చింతచిగురు: నిజమే మేస్టారుగారూ. రాసేటప్పుడే ఎక్కడో గుచ్చుకుంది, యతికి దొరికిందని వదల్లేకపోయాను. ఇలా మారిస్తే?

నాల్క గదలును, గదలించు నాల్క వెనుక

కొవ్వూరు మేస్టారు: "గదలించు"నకు కర్త ఏడీ?

చింతచిగురు: నాల్క వెనుక.

పెన్నాతీరం: మేస్టారూ?

నిర్వాహకుడు: రేపు పొద్దున దత్తపది (ఇచ్చిన మాటలు ఇమిడ్చి పద్యం చెప్పడం) ఇస్తాను. మేస్టారూ, ఉన్నారా?

కొవ్వూరు మేస్టారు: ఉన్నానయ్యా. చిగురూ, "గదలును" తరవాత ఆ కామా తీసెయ్యి.