క్రిటికల్ థింకింగ్ మీద టీచర్లకు మూడు రోజుల ట్రైనింగ్ ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టను?

సుద్దముక్క:

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. వచ్చే నెల 40 మంది టీచర్లకు మూడు రోజుల ట్రైనింగ్ నా నెత్తిన పెట్టారు. పిల్లల్లో విమర్శనాత్మక ఆలోచన, అదే, క్రిటికల్ థింకింగ్ ఎలా పెంచాలన్నది అంశం. నేనే ఎందుకంటే, మీటింగులో "పిల్లలు అసలు ఆలోచించడమే లేదు" అని నోరు జారింది నేనే మరి.

పాత స్లైడ్లు 62 ఇచ్చారు. మొదటి ఇరవై నిర్వచనాలే. ఆ తర్వాత బ్లూమ్ మెట్లు ఆరు, అంటే గుర్తుపెట్టుకోవడం నుంచి మొదలై పైపైకి వెళ్లే ఆలోచనా స్థాయిలు, ఆరు రంగుల్లో. 1956 నాటివి ఒకచోట, 2001లో సవరించినవి ఇంకోచోట. సవరణలో మూల్యాంకనం పైమెట్టు దిగి ఆ చోటికి సృజన ఎందుకెక్కిందో చెప్పే ముక్క మాత్రం ఎక్కడా లేదు. రెండేళ్ల కిందట ఇవే స్లైడ్ల ముందు నేనూ కూర్చున్నాను. నోట్సు చక్కగా రాసుకున్నాను. తిరిగొచ్చాక నా క్లాసులో ఏం మారిందంటే, ఏమీ మారలేదు.

సరే, అసలు పరిస్థితి ఎలా ఉందో చూద్దామని పోయిన వారం ఆరో తరగతికి ఒక లెక్క ఇచ్చాను. "ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" లెక్క నాది కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులో 97 మంది చిన్న పిల్లలకు ఇలాంటిదే ఇస్తే, 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు తేల్చారట. నా క్లాసులో 34 మందికి 27 మంది 36 అని రాశారు. ఒకడు 16 అన్నాడు. ఎందుకు తీసేశావురా అంటే, "కలిపితే మరీ తేలిగ్గా ఉంది టీచర్, తేలిగ్గా ఉంటే తప్పై ఉంటుంది" అన్నాడు. నవ్వొచ్చింది కానీ, వాడు నన్ను బాగానే చదివాడు.

నన్ను పట్టుకున్నది ఇంకో కాగితం. ఒకమ్మాయి 36 అనే రాసింది. దాని కింద పెన్సిలు చెరిపిన జాడ ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తే చదవగలిగాను: "కెప్టెన్ గురించి ఏమీ చెప్పలేదు కదా". ఆలోచించింది, రాసింది, రబ్బరుతో చెరిపేసి 36 పెట్టింది. ఆ చెరపడం తనకి ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ సంగతి 40 మంది టీచర్లకు మూడు రోజుల్లో ఎలా తగిలేలా చేయాలి? వాళ్లలో సగం మంది సిలబస్సే అవ్వడం లేదంటే ఇదొకటా అని మొహం పెట్టుకుని వస్తారు. తప్పు పట్టను, నేనూ అలాగే వెళ్లాను.

పాత హాజరుపట్టీ:

అమ్మా సుద్దముక్క గారూ, నేను రిటైరై ఆరేళ్లయింది. చివరి పదకొండేళ్లు ట్రైనింగులే ఇచ్చాను, ఎక్కువ చెడగొట్టాను కూడా. కాబట్టి చెబుతున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఆ "క్రిటికల్ థింకింగ్" అన్న మాటే ఎత్తకండి. బోర్డు మీద 2, 4, 6 అని రాయండి. "ఈ మూడూ నా మనసులో ఉన్న ఒక నియమానికి సరిపోతాయి. మీరు వేరే మూడు సంఖ్యలు చెప్పండి, సరిపోతే అవునంటాను, లేకపోతే కాదంటాను. నియమం తెలిసిపోయిందని గట్టి నమ్మకం కుదిరాకే బయటపెట్టండి" అనండి. 8, 10, 12 అంటారు. అవును. 20, 22, 24. అవును. ఇక ఆగరు, "రెండేసి పెరిగే సరిసంఖ్యలు" అంటారు. కాదు. కాసేపు గొణిగి 1, 3, 5 అడుగుతారు. అవును. "అయితే రెండేసి పెరగాలి." అదీ కాదు. నియమం ఏమిటంటే, పెరుగుతూ పోవాలి, అంతే. 1, 7, 900 అయినా సరే. పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ప్రచురించిన ప్రయోగమిది. తమ ఊహను బలపరిచే సంఖ్యలే అడుగుతూ పోతారు, దాన్ని పడగొట్టగల 2, 4, 7 లాంటిది అడగాలని తట్టదు. నేను చేసిన ప్రతిచోటా ముందు దెబ్బతిన్నది లెక్కల టీచర్లే, ఏమీ అనుకోకండి. తెలుసన్న ధీమా ఎక్కువ కదా.

గదిలో అప్పుడు ఒక నిశ్శబ్దం వస్తుంది. దాన్ని మాటలతో నింపకండి. పెద్దవాళ్లకి తాము తప్పుగా ఆలోచించామని నలుగురిలో తెలిసే క్షణం అది. మీ కెప్టెన్ కాగితాలు అప్పుడు బయటికి తీయండి. ముందే చూపిస్తే "ఈ కాలం పిల్లలు" అని నవ్వేసి ఊరుకుంటారు.

రెండోది, ఒక్క అలవాటు పట్టుకోండి. ఒక్కటే. ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసుల టేపులు విని లెక్కగట్టింది. టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదు, ఈలోపే ఇంకొకరిని లేపడమో, జవాబు తామే చెప్పేయడమో. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, "తెలీదు" అనేవాళ్లు తగ్గుతారు, వెనకబెంచీ కూడా నోరు విప్పుతుంది. ఆగాల్సింది రెండుచోట్ల. ప్రశ్న తర్వాత ఒకటి అందరికీ తెలుసు. పిల్లాడు జవాబు చెప్పాక "వెరీగుడ్" అనకుండా ఆగడం రెండోది, కష్టమైంది అదే. మీరు ఆగితే వాడు తన మాటకి తనే కారణం జోడిస్తాడు, లేదా పక్కవాడు కాదంటాడు.

చెప్పి వదిలేస్తే ఎవరూ చేయరు. ట్రైనింగుకి వచ్చే ముందే ఒక్కొక్కరూ తమ పాఠం పది నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుని రమ్మనండి. ఎవరిది వాళ్లే వినాలి, ఇంకొకరికి వినిపించక్కర్లేదు. ఈ షరతు లేకపోతే సగం మంది ఫోను చెడిపోయిందంటారు.

ఇక మూడు రోజులూ వరసగా పెట్టకండి, కుదిరితే రెండు రోజులు ఇప్పుడు, మూడోది నెల తర్వాత. సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, చేయించినా, క్లాసులోకి వెళ్లాక పక్కన ఒక తోటి టీచరు చూసి మాట్లాడకపోతే నేర్చుకున్నది నిలవడం కష్టమని జాయిస్, షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1980లలోనే రాశారు. అది చదవకముందే నాకు అనుభవమైంది. ఒక్కో బ్యాచ్‌కి కన్నీళ్లతో వీడ్కోలు చెప్పేవాళ్లం, ఆర్నెల్ల తర్వాత వెళ్లి చూస్తే అదే పాత పాఠం.

మూడో బెంచి:

పాత హాజరుపట్టీ గారి మాటలు బాగున్నాయి కానీ ఒక్కచోట నాకు పేచీ. 2, 4, 6 ఆట ఆడినంత మాత్రాన చరిత్ర పాఠంలో ఆలోచన పుట్టదండీ. నేను సోషల్ చెబుతాను. ఒకే యుద్ధం గురించి గెలిచిన రాజు వేయించిన శాసనం, ఓడిన పక్షం వాళ్లు రాసుకున్న కథనం పక్కపక్కన పెట్టి ఏది నమ్ముతారని తొమ్మిదో తరగతిని అడిగాను. "ఇద్దరూ తమ గొప్పే చెప్పుకుంటారు సార్" అని ముప్పై గొంతులు. వినడానికి విమర్శలాగే ఉంది. కానీ శాసనం ఎవరు చదవడానికి వేస్తారు, ఎక్కడ నిలబెడతారు, రెండో కథనం ఎన్నాళ్ల తర్వాత రాసింది, ఇవేవీ తెలియకుండా అన్న మాట అది. దేన్నయినా అనుమానించు అన్నది ఒక్కటే నేర్చుకున్నారు. అది కెప్టెన్ వయసు 36 అనడం కంటే పెద్ద తేడా ఏమీ కాదు, ఇక్కడా సూత్రమే అప్పజెప్పారు.

డేనియల్ విల్లింగ్‌హామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో ఇదే వాదించాడు. ఆలోచించడం సైకిలు తొక్కడంలా ఒకసారి వస్తే అన్నిచోట్లా పనికొచ్చే నైపుణ్యం కాదు, విషయం తెలిస్తేనే దాని గురించి ఆలోచించగలం అని. అందుకని 40 మందినీ ఒకే హాల్లో మూడు రోజులు కూర్చోబెట్టకండి. రెండో రోజు సబ్జెక్టులవారీగా విడగొట్టి, వచ్చే వారం చెప్పబోయే పాఠమే చేత పట్టించండి. "సిలబస్ అవ్వదు" అనేవాళ్లకి జవాబు కూడా అదే. వేరే పని కాదు, ఆ పాఠమే.

బీకరు:

పరీక్ష పేపరు మారకపోతే ఇదంతా దండగ. పిల్లలు మనం చెప్పింది వినరు, మనం మార్కులు దేనికి వేస్తామో చూస్తారు. ట్రైనింగులో ఒక పూట ప్రశ్నలు తిరగరాయించండి.

"మంచు నీటి మీద ఎందుకు తేలుతుంది?" అన్నది పాత ప్రశ్న. సాంద్రత అని బట్టీ కొట్టి రాస్తారు. నేను ఇలా మార్చాను: "మంచు తేలికగా ఉంటుంది కాబట్టి తేలుతుందని నీ స్నేహితుడు అన్నాడు. ఒక పెద్ద మంచుగడ్డ, ఒక చిన్న ఇనుప మేకు, ఒక తొట్టెలో నీళ్లు ఉన్నాయి. వాడి మాట సరైందో కాదో ఎలా తేలుస్తావు?" మొదటిసారి సగం మంది ఖాళీగా వదిలారు. మూడో యూనిట్ టెస్టుకి వచ్చేసరికి "ముందు రెండూ తూచి చూస్తా" అని మొదలుపెట్టారు. దిద్దడానికి మాత్రం రెట్టింపు టైము పడుతుంది, ఆ సంగతి ట్రైనింగులో దాచకండి.

సుద్దముక్క:

ముగ్గురికీ థాంక్సండీ. నిన్న నా పాఠం నేనే రికార్డు చేసి విన్నాను. పది నిమిషాల్లో 23 ప్రశ్నలు అడిగాను. అందులో తొమ్మిది "అర్థమైందా?" ఇంకో ఆరింటికి జవాబు నేనే చెప్పాను. ఒకచోట ఒక పిల్లాడు "కానీ టీచర్" అన్నాడు, నేను "సరే, తర్వాత లెక్క" అన్నాను. ఆ "కానీ" తర్వాత ఏముందో ఇవాళ అడిగితే వాడికి గుర్తులేదు.

ఆ చెరిపిన కాగితం అమ్మాయిని కూడా అడిగాను. "తప్పు లెక్క మీరు ఇవ్వరు కదా టీచర్" అంది.

మూడో బెంచి గారూ, సబ్జెక్టులవారీ మాట ఒప్పుకున్నాను. రెండో రోజు అలాగే. బీకరు గారి మంచుగడ్డ ప్రశ్న వాడుకుంటాను. మూడో రోజుని నెల తర్వాతకి జరపడానికి ఒప్పించాను, మొదటి రెండు రోజుల్లో ఏం చేశామో రిపోర్టు రాసివ్వాలన్న షరతు మీద. ఒక్కటే మిగిలింది. పక్కన కూర్చుని చూసే జతలు ఎలా కట్టను? కొన్ని బడుల్లో ఒక్కో సబ్జెక్టుకి ఒక్కరే ఉన్నారు.

పాత హాజరుపట్టీ:

సబ్జెక్టు చూడకండమ్మా, టైమ్‌టేబుల్ చూడండి. ఒకరికి పాఠం ఉన్నప్పుడు ఎవరికి పీరియడ్ ఖాళీయో వాళ్లే జత. పాఠం బాగుందా లేదా అన్నది వచ్చినవాళ్లకి అనవసరం. వెనక కాదు, పక్కగా కూర్చుని ఇద్దరే ఇద్దరు పిల్లల్ని చూడమనండి. ఏం రాశారు, ఏం చెరిపారు, అంతే.