రెడ్‌హిల్స్‌లో తాతగారి రైస్‌మిల్లు: గెస్ట్ రూములు, రెస్టారెంట్ పెట్టొచ్చా?

మిల్లోళ్ల మనవడు: చెన్నై దగ్గర రెడ్‌హిల్స్‌లో మా తాతగారి ఉప్పుడు బియ్యం మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఇటుక, సున్నం గోడలు, టేకు దూలాలు, బయట వడ్లు ఆరబోసే కళ్లం, చిమ్నీ. మిషన్లు తుక్కు కింద పోయాయి, బాయిలర్ ఒక్కటే మిగిలింది. నాలుగైదు రూములు, ముందు ఒక రెస్టారెంట్ వేద్దామని నేనూ బాబాయీ అనుకుంటున్నాం. మేస్త్రీ ఏమో గోడల కింద పెచ్చులూడుతున్నాయి కదా మొత్తం గీకేసి సిమెంట్ కొట్టి పుట్టీ పెడితే కొత్త బిల్డింగే సార్ అంటున్నాడు. ఎవరైనా చేశారా ఇలాంటివి?

సున్నం సుబ్బు: సిమెంట్ మాత్రం వద్దు బ్రో. నేలలో చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నం పూత ఉంటే ఆరిపోతుంది, సిమెంట్ కొట్టారనుకోండి బయటికి దారిలేక లోపలే ఉండి ఉప్పు పొంగి ఇటుకే పొడిపొడిగా రాలుతుంది, అసలు ఇప్పుడు పెచ్చులూడే చోట పాత సిమెంట్ ప్యాచ్ ఉందేమో గోరుతో గీకి చూడండి. కరక్కాయ, బెల్లం నీళ్లతో సున్నం కలిపే పనివాళ్లు కారైకుడి వైపు ఇంకా ఉన్నారు. టైమ్ పడుతుంది, సున్నం సిమెంట్‌లా రెండ్రోజుల్లో గట్టిపడదు. దానికన్నా ముందు పైకప్పు కారడం ఆపండి, దూలాల చివర్లు గోడలో దూరే చోట పుచ్చిందేమో చూడండి.

పెరంబూర్ రావు: గోడలు సరే, ముందు సర్వే నంబర్ పట్టుకుని సీఎండీఏలో (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) ల్యాండ్ యూజ్, అంటే ఆ స్థలం దేనికి వాడొచ్చో చూడండి బాబూ! 2008 సెకండ్ మాస్టర్ ప్లాన్‌లో రెడ్‌హిల్స్ క్యాచ్‌మెంట్ ఏరియా (చెరువులోకి వాన నీళ్లు చేరే ప్రాంతం) అని విడిగా చూపించారు, చెరువు నీళ్లు సిటీ తాగేవి కాబట్టి అక్కడ ఆంక్షలెక్కువ. మీ స్థలం అందులో పడితే రూముల ప్లానే మారిపోతుంది. మాకు తెలిసినాయన ఇంటీరియర్ అంతా అయ్యాక పర్మిషన్‌కి వెళ్లాడు, ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

గీత_అడయార్: వెనిస్‌లో మోలినో స్టక్కీ అని పెద్ద పిండిమిల్లు, 1955లో మూతపడింది, 2007లో హిల్టన్ హోటల్‌గా తెరిచారు, మధ్యలో 2003లో పని నడుస్తుండగానే మంటలంటుకుని ఒక భాగం కాలిపోయింది. మీదీ పాత టేకు, మూలమూలల్లో ఊక దుమ్ము ఉండే ఉంటుంది. అదంతా ఊడ్చేదాకా వెల్డింగ్ వాడిని లోపలికి రానివ్వకండి, పని జరిగినన్నాళ్లకీ ఇన్సూరెన్స్ తీసుకోండి.

మిల్లోళ్ల మనవడు: థాంక్స్ అందరికీ. పత్రాలు బాబాయి దగ్గరున్నాయి, సోమవారం సీఎండీఏకి వెళ్తాం. చిమ్నీ కొంచెం ఒరిగినట్టుంది, కొట్టేయాలా?

సున్నం సుబ్బు: స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా ముట్టుకోవద్దు. పైన రావిమొక్క మొలిచుంటే పీకొద్దు, వేళ్లతో పాటు ఇటుకలూ ఊడొస్తాయి, మొదలు దగ్గర కోయించండి.