అరవై దాటాక గుండెలో రంధ్రం మూయించాలా, వదిలేయాలా?

పరకాల_పిల్లోడు: మా అమ్మకు 64 ఏళ్లు. పత్తి చేనుకు వెళ్లొస్తే ఆయాసం వస్తోందని హన్మకొండలో ఎకో తీయించాం. గుండె పైగదుల మధ్య గోడలో 22 మి.మీ. రంధ్రం, ఏఎస్‌డీ అన్నారు. పుట్టుకతోనే ఉందట! హైదరాబాద్ డాక్టరేమో తొడ నరం గుండా గొడుగు లాంటి డివైస్ పంపి మూసేద్దామంటున్నారు. మా పెద్దనాన్న మాత్రం "ఇన్నేండ్లు దాంతోనే బతికింది, ముగ్గురిని కన్నది, ఇప్పుడు గెలికించుడెందుకురా" అంటున్నడు. ఒకటే టెన్షన్.

నర్సంపేట_మాస్టారు: మీ పెద్దనాన్న మాటే వినండి. మా బావగారికి 70 ఏళ్లప్పుడు మూయించాం. ప్రొసీజర్ సాఫీగా అయిపోయింది, డాక్టరు నవ్వుతూ చెప్పి వెళ్లారు. ఆ రాత్రే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పడ్డారు. మనిషి దక్కాడు, అంతవరకు నయం. రంధ్రం పూడిస్తే ఊపిరాడకపోవడమేమిటని అడిగితే సరిగ్గా చెప్పిన నాథుడు లేడు.

కాజీపేట_క్యాథ్‌ల్యాబ్: నేను చెప్తా మాస్టారూ, రోజూ చూసే పనే. వయసు, బీపీ, షుగర్ కలిసి ఎడమ కింది గదిని బిరుసెక్కిస్తాయి. దానిలోకి పట్టని రక్తం ఇన్నాళ్లూ రంధ్రం గుండా కుడివైపు పోయేది. ఆ దారి మూస్తే ఒత్తిడంతా వెనక్కి తన్ని ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకే అనుమానం ఉన్న పేషెంట్లకు ముందు బెలూన్‌తో రంధ్రాన్ని కాసేపు మూసి, ఎడమ పైగదిలో ప్రెషర్ ఎంత ఎగబాకుతుందో చూస్తారు. బాగా పెరిగితే నీరు లాగే మందులు కొన్నాళ్లు వాడి మళ్లీ చూస్తారు, లేదా మధ్యలో చిన్న కన్నమున్న డివైస్ పెడతారు. మీ బావగారికి ఆ టెస్ట్ చేశారా?

నర్సంపేట_మాస్టారు: మాకెవరు చెప్పారు? సంతకం పెట్టమన్నారు, పెట్టాం. అయినా నలభై దాటాక మూయించినా ఆయుష్షు పెరగదంటారు కదా?

జనగామ_పీజీ: ఆ మాట 1990లో అమెరికా మేయో క్లినిక్ వాళ్లు రాసిన పేపర్ నుంచి పాకింది సార్. 25 లోపు ఆపరేషన్ అయినవాళ్లు మామూలు మనుషులంత కాలం బతికారు, 41 దాటాక చేయించుకున్నవాళ్లు బతకలేదు. కానీ అక్కడ పోలిక ఆరోగ్యవంతులతో! ఆపరేషన్ చేయించుకోని రోగులతో పోల్చాలి కదా. 1995లో జర్మన్ డాక్టర్లు 40 దాటిన వాళ్లలో అదే చేశారు. పదేళ్లకు ఆపరేషన్ గుంపులో 95 శాతం, మందుల గుంపులో 84 శాతం బతికున్నారు. చీటీలేసి గుంపులు చేయలేదు కాబట్టి అదే ఆఖరి మాట అనను. పైగా గుండె దడ, పక్షవాతం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా వచ్చాయి. దడ ముదిరిన వాళ్లు రంధ్రం మూశాక కూడా రక్తం పలచబడే మందు మింగాల్సిందే.

భూపాలపల్లి_అక్క: తమ్ముడూ, మా చిన్నమ్మకు అసలు మూయొద్దన్నారు. ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోయి, రక్తం ఎదురు తిరిగి, గోళ్లు నీలంగా అయిపోయాయి. ఆ దశలో రంధ్రమే ఆమెకు ఆధారమట. మీ అమ్మకు ఊపిరితిత్తుల నాళాల్లో ప్రెషర్ కొలిచారా?

పరకాల_పిల్లోడు: ఎకోలో కొంచెం ఎక్కువుందన్నారు అక్కా. లోపలికి గొట్టం పంపి కొలవలేదు.

కాజీపేట_క్యాథ్‌ల్యాబ్: అయితే ముందు అది కానివ్వు. ఊపిరితిత్తుల నాళాల్లో రక్తానికి ఎదురయ్యే నిరోధం 5 వుడ్ యూనిట్లు (దాన్ని కొలిచే కొలమానం), ఆ పైన ఉంటే నేరుగా మూయరు. గొంతులోంచి చేసే ఎకోలో రంధ్రం అంచులు కూడా చూస్తారు, అంచు లేకపోతే డివైస్ నిలవదు, ఓపెన్ సర్జరీయే. అన్నీ బాగుంటే 64 అడ్డం కాదు. ఆయాసం తగ్గుతుంది, ఉబ్బిన కుడి గది కూడా చాలావరకు దిగుతుంది. ఆరోగ్యశ్రీలో ఈ డివైస్ వస్తుందో లేదో అడ్మిట్ కాకముందే ఆరోగ్యమిత్రను అడుగు.

నర్సంపేట_మాస్టారు: సరే, టెస్టులన్నీ చేయించు బాబూ. కానీ "చిన్న పనే, పొద్దున వచ్చి రేపు ఇంటికెళ్లొచ్చు" అంటే ఊరుకోకు. ఆ రాత్రి ఐసీయూలో బెడ్ ఉంచుతారా, డ్యూటీలో గుండె డాక్టరు ఎవరుంటారు, ఈ రెండూ అడిగాకే సంతకం పెట్టు.