ఆరోగ్యశ్రీ బకాయిలపై అసెంబ్లీలో ప్రశ్న వేయించడం ఎలా?

అందరికీ నమస్కారం అండి. మాది నల్గొండ జిల్లా. మా నాన్నకి గుండె ఆపరేషన్ కావాల్సి వస్తే, ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదు కాబట్టి ఆరోగ్యశ్రీ కేసులు తీసుకోవట్లేదని ప్రైవేటు ఆస్పత్రిలో చెప్పేశారు, చివరికి అప్పు తెచ్చి చేయించాం. 2023 డిసెంబర్‌లో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు, మంచిదే, కానీ అసలు చేర్చుకోనప్పుడు ఏం లాభం? మా ఎమ్మెల్యేతో ఈ బకాయిల మీద సభలో అడిగించాలని ఉంది. నక్షత్ర గుర్తు ప్రశ్నైతే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు, అందుకే అదే కావాలి. వినతి ఎలా రాస్తే పట్టించుకుంటారు? ముందు ఆర్టీఐ వేసి, 30 రోజుల్లో వచ్చే లెక్కలు జత చేయడం మేలా? ఇలా చేయించినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.